కిటికీ ఎద్దు

నవంబరు 18

అమ్మ పెరుగన్నం కలిపి పెట్టింది. పళ్లెం చూడగానే లేచిపోయాను.

ఈరోజు ఎద్దు కడుపులో చెయ్యి పెట్టాను. మోచెయ్యి దాటి, దాదాపు భుజం దాకా.

ఎమ్మెస్సీలో ఎక్కడా ఇది లేదు. అక్కడ అన్నీ గాజు పళ్లేలు, దూది, స్పిరిట్ వాసన. నాకు ఉద్యోగం వచ్చిందని నాయన బజారంతా మైసూరుపాకు పంచాడు. దాణా అంగడి సోమశేఖర్ కూతురు సైంటిస్టు అయిందని నంద్యాలలో సగం మందికి తెలుసు. ఆళ్లగడ్డ దారిలో కంపెనీ ఫారం, పక్కనే ల్యాబు. బూజును పెంచి దాన్నుంచి ఎంజైము తీయడం, ఆ రసం వరిగడ్డి మీద చల్లడం, పశువుకు గడ్డి ఎంత బాగా అరుగుతుందో చూడడం. బూజంటే నాకు రోత లేదు. ఆ అరగడాన్ని చూసేది ఎలాగో మాత్రం ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పలేదు.

ఎద్దు ఎడమ డొక్కలో పళ్లెమంత రంధ్రం. దానికి రబ్బరు మూత. డాక్టర్లు ఆపరేషన్ చేసి పెట్టారట, దానికి నొప్పి ఉండదట. మూత తీస్తే లోపల పొట్ట. తూచిన గడ్డిని చిన్న నైలాన్ సంచుల్లో కట్టి లోపలికి దించాలి. రెండు రోజులయ్యాక బయటికి లాగి, కడిగి, ఆరబెట్టి మళ్లీ తూచాలి. తగ్గిందంతా అరిగినట్టు లెక్క.

ఎద్దును పట్టుకునే ఆయన పేరు జకరయ్య. దానికి కిటికీ ఎద్దని పేరు పెట్టింది ఆయనే. మూత తియ్యగానే వేడి ఆవిరి మొహాన కొట్టింది. పులిసిన కుడితి, కుళ్లిన ఆకు, ఇంకేదో. పక్కకు తిరిగి కక్కుకున్నాను.

"కానీలే మేడం. మొదటిపారి నేనూ కక్కుకున్యా," అన్నాడు. "నాల్గు దినాలు పోతే సాంబారు వాసన మాదిరి అనిపిస్తాది."

ఇంక ఈ జన్మలో సాంబారు తినను.

నవంబరు 21

రెండుసార్లు తలకు పోసుకున్నాను. వాసన పోలేదు. అమ్మ దేవుడి గదిలోకి రావద్దంది.

నవంబరు 30

ఇవాళ కొంచెం సంతోషంగా ఉంది. రాసుకుంటే తప్పు లేదు.

నేను తీసిన తాజా రసం చల్లిన గడ్డి, ఉత్త గడ్డి కంటే బాగా అరిగింది. మరీ అద్భుతం కాదు. కానీ తేడా కంటికి తెలుస్తోంది. మూడుసార్లు చేసినా అంతే వచ్చింది. సంచి కడుగుతుంటే లోపల మిగిలిన గడ్డి మెత్తగా, పిడికిట్లో ఇమిడిపోయింది. ఒక్క నిమిషం వాసన సంగతే మరిచిపోయాను.

జకరయ్య తొంగి చూసి, "పనిచేస్తాండాదా?" అన్నాడు. చేస్తోందన్నాను. ఎద్దు వీపు మీద చరిచి, "ఇనినావా రా, నువ్వు మెట్రిక్ పాసయినావు," అన్నాడు. ఆయనకు మాటలు ఆగవు. వాళ్లావిడ జీవమ్మ గురించి, ఆళ్లగడ్డ పక్క ఊళ్లో వాళ్ల బర్రె గురించి, అది సూడిదనీ, ఈనితే ఇంట్లో పాలకు కొదవుండదనీ, అన్నీ చెప్తాడు. ఎద్దు నెమరేస్తూ ఉంటుంది. కిటికీ లోంచి ఆ మెత్తటి చప్పుడు వినిపిస్తుంది. ఛీ.

డిసెంబరు 4

కంపెనీ అమ్మబోయేది రసం కాదు, పొడి. రసాన్ని ఆరబెట్టి తవుడులో కలిపి సంచులకెత్తుతారు. ఆ పొడి చల్లిన గడ్డిని ఎద్దు కడుపులో పెట్టి తీశాను. ఉత్త గడ్డికీ దానికీ రవ్వంత తేడా లేదు.

మళ్లీ చేశాను. లేదు.

ఎందుకో తెలుసుకోవడం కష్టం కాలేదు. త్వరగా ఆరాలని డ్రయ్యరు వేడి బాగా పెంచారు. ఆ వేడికి ఎంజైము చచ్చిపోయింది. పైగా సంచులు రేకుల షెడ్డులో పెడుతున్నారు. వాళ్లు అమ్మేది రంగు మారిన తవుడు.

రేపు మా మేనేజరు అజయ్ కుమార్ సారుకు చెప్పాలి.

డిసెంబరు 5

అజయ్ కుమార్ సారు తినే తీరు గురించి రాయాలి.

మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. నేను మాట్లాడినంత సేపూ తిన్నాడు. బజ్జీని మధ్యలో చీల్చి, లోపలి మిరపకాయను రెండు వేళ్లతో బయటికి లాగి పక్కన పెడతాడు. నూనె మణికట్టు దాకా కారుతుంది. దాన్ని నాకుతాడు. తర్వాత అదే చేత్తో కాగితాలు తిప్పుతాడు. పళ్ల సందుల్లో శనగపిండి. మూల్గుతూ తింటాడు. ఎద్దు నయం, నోరు మూసుకుని నములుతుంది.

చేతి గుడ్డతో పెదాలు తుడుచుకుని, "తాజా రసం ఫలితం మంచిగుంది కదా దీక్షితా. పొడి కూడా దాన్నుంచి వచ్చిందే కదా. రిపోర్టులో రసం అన్నచోట పొడి అని పేరొకటి మారిస్తే ఏం?" అన్నాడు. తర్వాత ఇంకో బజ్జీ తీసుకున్నాడు. "నంద్యాల డీలర్‌షిప్ మీ నాయనకే ఇప్పిస్తాండాము. ఆయన చెప్పలేదా?"

నాయన చెప్పలేదు.

ఆ నూనె మరక కాగితం మూల మీద అలాగే ఉంది. నా సంతకం పక్కనే.

డిసెంబరు 6

ఒక ఎద్దుతో ఏం తేలుతుంది? నాలుగు ఎద్దులుంటే పొడి పనిచేసినట్టు కనపడేదేమో. పైగా అది విషం కాదు, తవుడే. తవుడు తింటే ఏ పశువూ చెడిపోదు.

డిసెంబరు 12

నాయన అంగడి ముందు కొత్త బోర్డు. దాని మీద నా ఫొటో. తెల్ల కోటు వేసుకుని నవ్వుతున్నాను. కింద, "మన నంద్యాల బిడ్డ పరీక్షించినది. ఈ పొడి చల్లిన వరిగడ్డి పెడితే వేరుశనగ చెక్కా తవుడూ సగం చాలు."

సగం చాలు అన్నది నేను ఎక్కడా రాయలేదు. చెయ్యని పనికి కూడా నా ఫొటోనే.

నాయన ప్రతి గిరాకీకీ బోర్డు చూపిస్తున్నాడు. "నా బిడ్డప్పా. ఎద్దు కడుపులో చెయ్యి పెట్టి చూసొచ్చింది. నమ్మకపోతే ఇంగేం నమ్ముతావు?" వాళ్లు నా చెయ్యి వైపు చూస్తారు. నేను వెనక గదిలోకి వెళ్లిపోతాను.

డిసెంబరు 14

జకరయ్య అడిగాడు. సంచులు కడుగుతున్నాను. ఎద్దుకు నీళ్లు పెట్టి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మేడం, ఆ పొడి మా బర్రెకు పెట్టాల అనుకుంటాండా. ఈనేది నెల మీద ఉంది. చెక్క కొనలేక సస్తాండాం. బోర్డు మీద సగం చాలు అని రాసినారు కదా. నిజమేనా?"

అజయ్ కుమార్ సారు గది కిటికీ తెరిచే ఉంది.

"నిజమే జకరయ్యన్నా," అన్నాను.

"జీవమ్మ వద్దంటాది. దానికి అన్నీ అనుమానమే. నువ్వు చెప్పినావని చెప్తా ఇంగ."

సంచి కడిగిందే కడిగాను.

డిసెంబరు 25

సెలవు. పొద్దున్నే జకరయ్య మా ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె. పండగని కజ్జికాయలు తెచ్చాడు, అరిటాకులో చుట్టి. వీధి గుమ్మం దగ్గరే నిలబడి, "జీవమ్మ పంపించింది మేడం. మీకని పంచదార ఎక్కువేసింది," అని ఇచ్చి వెళ్లిపోయాడు. నేను లోపలికి రమ్మని అనలేదు. ఆయనా అడగలేదు.

అమ్మ ఆ పొట్లాన్ని నా చేతిలోంచి తీసుకోకుండా, "ఆ చెత్త బకెట్లో వెయ్యి," అంది. వేశాను. అమ్మ చెప్పిందని కాదు. నా చేతులు వాసనొస్తున్నాయి, ఆ చేతులతో ఏదీ తినబుద్ధి కావడం లేదు, అందుకని.

బకెట్ మూత పెట్టాను.

జనవరి 9

ఏమీ లేదు.

జనవరి 17

జకరయ్య ఇంకో సంచి పొడి తీసుకెళ్లాడు. బర్రె డొక్కలు లోపలికి పోతున్నాయట. "పొడి ఇంగో గుప్పెడు ఎక్కువ ఎయ్యాల్నా?" అని అడిగాడు. ఈనే ముందు కొన్ని పశువులు అట్లా చిక్కుతాయన్నాను.

ఎక్కడ చదివాను అది? ఎక్కడా చదవలేదు.

జనవరి 28

జకరయ్య పనికి రాలేదు. ఎద్దును పట్టుకునేవాళ్లు లేక సంచులు దించలేదు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. బర్రె ఈనింది, లేవడం లేదట. డాక్టరును పిలిచారట. "నువ్వొకపారి వచ్చి చూడు మేడం. పొట్ట సంగతి నీకు తెలుసు కదా," అన్నాడు.

బస్సెక్కి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. నాకు బర్రెల గురించి ఏం తెలుసు?

వాళ్ల ఇంటి పక్క రేకుల కొట్టంలో పడి ఉంది. పక్కటెముకలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. నోటి దగ్గర నురగ, ఈగలు. తనలోంచి వచ్చిందంతా దాని కింద అలాగే ఉంది. ఆ వాసన ఫారం వాసన కాదు. ఫారంలో వాసనొచ్చేది అరుగుతున్న తిండి. ఇక్కడ అరగడానికి ఏమీ లేదు. దూడ తడితడిగా వణుకుతూ పొదుగులో మూతి పొడుస్తోంది. పాలు లేవు.

డాక్టరు సూది వేసి లేచాడు. "ఈనే ముందు చెక్కా తవుడూ తగ్గించినారా?"

"సగం చేసినాం సార్," అన్నాడు జకరయ్య. "పొడి పెడ్తాండాం కదా."

"ఏం పొడి?"

జకరయ్య నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను వివరంగా చెప్తానని.

నేను చెప్పలేదు. డాక్టరు పెట్టె సర్దుకుని, "కడుపులో దూడ ఉన్నప్పుడు సగం తిండి పెడ్తే ఇట్లే అయితాది. ఒంట్లో సత్తువ ల్యా," అని వెళ్లిపోయాడు.

జీవమ్మ బర్రె తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. సన్నటి మనిషి. నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఈమేనా?" అని మొగుణ్ణి అడిగింది. అంతే.

జనవరి 29

బర్రె చచ్చిపోయిందని జకరయ్య ఫోన్.

స్నానం చేశాను.

ఫిబ్రవరి 2

అంగడిలో గిరాకీ లేనప్పుడు నాయనకు చెప్పాను. పొడి పనిచేయదు, మొదటినుంచీ పనిచేయదు, నేను దొంగ రిపోర్టు మీద సంతకం పెట్టాను, దాన్ని నమ్మి చెక్క తగ్గించి ఒకాయన బర్రె చచ్చిపోయింది.

నాయన లేచి అంగడి తలుపు ఓరగా మూశాడు. ఆయన కళ్లలో భయం కనపడుతుందనుకున్నాను. కోపమైనా. అదేం లేదు. గిరాకీతో బేరం చేసేటప్పటి మొహమే.

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు."

"చెప్పాకు. చచ్చిపోయిన బర్రె పొడి వల్లే చచ్చిపోయిందని ఎవురు చెప్పొచ్చినారు? ముసల్ది అయ్యుంటాది." దగ్గరికొచ్చి, "బోర్డు మీద నీ ఫొటో ఉంది తల్లీ," అన్నాడు, మెల్లిగా, నా మేలు కోరినట్టు.

అజయ్ కుమార్ సారు కనీసం బజ్జీ తింటూ అన్నాడు. నాయన నా తల మీద చెయ్యి పెట్టి అన్నాడు. నాకు ఎద్దు కిటికీ దగ్గర కూడా ఇంత రోత పుట్టలేదు.

ఫిబ్రవరి 10

ఫారంలో పెద్ద మీటింగట. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతులను బస్సుల్లో తెస్తారు. హైదరాబాదు నుంచి కంపెనీ పెద్దాయన వస్తాడు. అందరి ముందూ నేను ఎద్దు కడుపులోంచి సంచులు తియ్యాలి. ఒకటి ఉత్త గడ్డి, ఒకటి పొడి చల్లిన గడ్డి.

"పొడి అని రాసిన సంచిలో నీ తాజా రసం చల్లిన గడ్డి పెట్టు," అన్నాడు సారు. "కొంచెం తక్కువ పెట్టు కూడా. లోపల ఎంత పెట్టినావో ఎవురు చూస్తారు?"

సరేనన్నాను. సరేననడం నాకు బాగా అలవాటయింది.

జకరయ్య మళ్లీ పనికి వస్తున్నాడు. మాట్లాడడం లేదు. ఎద్దును పట్టుకుంటాడు, వదులుతాడు. మేడం అని కూడా అనడం లేదు. తిట్టినా బాగుండును.

ఫిబ్రవరి 12

సంచులు దించాను. ఏం పెట్టానో ఇక్కడ కూడా రాయను. రాస్తే భయపడి మళ్లీ తీసేస్తానేమో.

ఫిబ్రవరి 14

వరుసగా రాయాలి.

షామియానా వేశారు. రెండు బస్సుల జనం. కుర్చీలు చాలక చాలామంది నిలబడ్డారు. పెద్దాయన మాట్లాడాడు, సారు మాట్లాడాడు. తర్వాత జకరయ్య ఎద్దును తోలుకొచ్చాడు. దాని కొమ్ములకు ఎవరో రంగు కాగితాలు కట్టారు. మూత తియ్యగానే ముందు వరసలో వాళ్లు ముక్కు మూసుకున్నారు. పెద్దాయన జేబుగుడ్డ తీశాడు.

చేతి తొడుగు వేసుకుంటే పిగిలింది. ఇంకోటి తెమ్మనడానికి నోరు రాలేదు. ఉత్త చెయ్యే పెట్టాను. వేడిగా, మెత్తగా, చుట్టూ కదులుతూ ఉంది. తాళ్లు దొరికాయి. రెండు సంచులూ లాగాను. బకెట్ నీళ్లలో కడిగాను, పిండాను, బల్ల మీద రెండు పళ్లేల్లో బోర్లించాను. రెండు కుప్పలూ ఒక్కలాగే ఉన్నాయి. రెంట్లోనూ ఒకే తూకం గడ్డి పెట్టాను, ఒకదాని మీద చల్లింది నిజంగా ఆ పొడే.

సారు గబగబా ముందుకొచ్చాడు. "తడి మీద తేడా తెలీదు. ఆరినంక..."

"తూచి చూపియ్యి సార్, కాటా ఉంది కదా," అని జనంలోంచి ఎవరో అన్నారు. నేనే కాటా మీద పెట్టాను. ఒకటి. తర్వాత ఇంకోటి. ముల్లు అదే చోట ఆగింది. ముందు వరస ముసలాయన లేచి వచ్చి కాటా మీదికి వంగి చూశాడు. వెనక్కి తిరిగి, "రెండూ ఒగటే," అన్నాడు.

అప్పుడు చెప్పాను. మైకు సారు చేతిలో ఉంది. మామూలు గొంతుతోనే అరిచి చెప్పాను. "పొడి పనిచెయ్యదు. వేడికి దాంట్లో మందు చచ్చిపోయింది. ఉత్త తవుడే అది. ముందునుంచీ నాకు తెలుసు. దాన్ని నమ్ముకుని చెక్క తగ్గించొద్దండి. సూడి బర్రెలకు అసలు తగ్గించొద్దు."

అందరూ ఒకేసారి లేచారు. సారు మైకులో, "ఈమె కొత్తగా చేరింది, అనుభవం ల్యా, సంచులు కలిపేసింది," అంటున్నాడు. ఎవరూ వినడం లేదు.

జకరయ్య గొంతు పెద్దది కాదు. కానీ ఎద్దు పక్కన నా దగ్గరే ఉన్నాడు కాబట్టి నాకు అదొక్కటే వినపడింది.

"ముందునుంచీ తెలుసా?"

తలూపాను.

"ఆ పొద్దు నేను అడిగితే నిజమే అన్యావు."

"అన్నాను."

"సంచులు కడుగుతా, నా మొహం చూడకుండా అన్యావు. నేను అదే నమ్మినా. జీవమ్మ వద్దంటాంటే దాన్ని తిట్టి మరీ పెట్టినా." తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. "చదువుకున్న పిల్లకు అబద్ధం చెప్పేది ఏమొచ్చింది అనుకుంటి."

నేను తెరిచి వదిలేసిన కిటికీ ఆయనే మూసి ఎద్దును తోలుకుపోయాడు. చేతికి అంటినదంతా ఎండి పచ్చగా అట్ట కట్టింది. బస్సులో నా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు.

ఫిబ్రవరి 15

ఉద్యోగం లేదు. నిన్న అక్కడే చెప్పేశారు.

ఫిబ్రవరి 19

పొడి సంచులు తిరిగొస్తున్నాయి. కొందరు అంగడి మెట్ల మీద పడేసి పోతున్నారు, కొందరు నాయనను అమ్మనా బూతులూ తిడుతున్నారు. నాయన నాతో మాట్లాడడం మానేశాడు. అమ్మ రెండు పళ్లేలు వేరువేరుగా పెడుతోంది, ఆయన తిని వెళ్లాక నాది.

మొదటి రెండు రోజులూ నాయన వాళ్లతో వాదించాడు. ఈరోజు వాదించలేదు. బోర్డు దించి గోడకు తిప్పి పెట్టాడు. సాయంత్రం ఒకాయన చెక్క కొనడానికొచ్చి, పోయినపారి తీసుకున్నంతే ఇమ్మన్నాడు. "అప్పుడు సగమే తీసుకున్యావు కదా," అన్నాడు నాయన. "తగ్గించొద్దప్పా. నేను చెప్పింది తప్పు. మొత్తం పెట్టు." నేను తలుపు వెనక ఉన్నానని ఆయనకు తెలుసు. ఇటు చూడలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఆళ్లగడ్డ పక్కన జకరయ్య వాళ్ల ఊరికి వెళ్లాను. క్షమించమని అడగాలని బస్సులో మాటలు కూర్చుకున్నాను. అన్నీ కంపు కొట్టే మాటలే.

జకరయ్య చర్చి నుంచి ఇంకా రాలేదు. జీవమ్మ వాకిట్లో చాటలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చెరగడం ఆపలేదు.

"ఆయప్ప లేడు. ఉన్నా నీతో మాట్లాడడు."

"మీకోసమే వచ్చాను."

"నాకోసం ఏందీ? అందరి ముందర చెప్పినావంట. మంచిదే. ఆ పొద్దు నా మొగునికొక్కనికి చెప్పింటే సాలు, బర్రె ఉండేది."

"అవును," అన్నాను.

చాట పక్కన పెట్టింది. చాలాసేపు నన్నే చూసింది. ఏడుస్తానేమోనని చూస్తోందనుకుంటా. నేను ఏడవలేదు. ఏడిస్తే నా మీద నాకే జాలి, ఆ జాలి ఆమె ముందు ఎందుకు?

"ఈ వీధిలో శానా ఇండ్లల్లో ఆ పొడి ఉంది," అంది. "మీటింగుకు పోయినోళ్లు చెప్పినా ఆడోళ్లు నమ్మల్యా. దుడ్లు పోసి కొన్న్యాం, ఊరికే పారేస్తామా అంటాండారు. రెండు సూడి బర్రెలుండాయి. నేను చెప్తే, నీది సచ్చిపోయిందని మా మీద పడి ఏడుస్తాండావు అంటారు. నువ్వు రా. బోర్డు మీద మొహం నీదే కదా. ఆ మొహంతోనే చెప్పు."

కొంగు బిగించి లేచింది. నేను వెనకాలే వెళ్లాను.

మొదటి ఇంట్లో ఒకామె నన్ను గుర్తుపట్టి కూర్చోమంది. చెప్పడం అయ్యాక లేవమంది. రెండో ఇంట్లో ముసలామె విన్నంతా విని నా కాళ్ల ముందు ఉమ్మింది. పొడి సంచి మాత్రం తీసుకొచ్చి మురుగు కాలవలో కుమ్మరించింది. జీవమ్మ అప్పటికే వాకిలి దాటింది. తర్వాతి ఇంటి తలుపు కొట్టి పక్కకు జరిగి, మాట్లాడమన్నట్టు నన్ను ముందుకు నెట్టింది.